ముందు లోతు, తర్వాత పొడుగు

నెల్లూరు జిల్లాలో సముద్రం వైపు పోయే రోడ్లలో చాలావాటికి, ఇసుక దిబ్బలూ సరుగుడు తోటలూ కనిపించేలోపే ఒక వంతెన తగులుతుంది. దాని కింద ఉన్నది ఏరూ కాదు, వాగూ కాదు. మనుషులు పలుగూ పారతో తవ్విన కాలువ అది, పేరు బకింగ్‌హాం కాలువ. ఉత్తరాన పెద్దగంజాం దగ్గర మొదలై, సముద్రాన్ని పక్కనే ఉంచుకుని, చెన్నై మీదుగా తమిళనాడులోని మరక్కాణం వరకు సుమారు 420 కిలోమీటర్లు పోతుంది. అందులో దాదాపు 258 కిలోమీటర్లు ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. 2008 నవంబరులో కేంద్ర ప్రభుత్వం దీన్ని నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చింది. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న కాలువలు, భద్రాచలం నుంచి రాజమండ్రి వరకు గోదావరి, వజీరాబాద్ నుంచి విజయవాడ వరకు కృష్ణ కలిపి వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దారి అది. 2016 నాటి జాతీయ జలమార్గాల చట్టం దాన్ని 2,890 కిలోమీటర్లకు పెంచింది. చట్టంలో దారి అంత పెరిగినా నెల్లూరు తీరంలో సరుకు పడవల రాకపోకలు తిరిగి మొదలు కాలేదు. పొడుగును ముందు ప్రకటించి లోతును తర్వాత చూద్దాం అనుకోవడమే ఇందుకు అసలు కారణమని నా అభిప్రాయం. ఈ కాలువ బతకాలంటే వరస మార్చాలి. ఒక చిన్న ముక్కలో ఏడాది పొడుగునా నమ్మదగిన లోతు నిలిపి, అక్కడ సరుకు నడిచాక మిగతా దారి సంగతి చూడాలి.

నీటి మీద రవాణా ఎందుకు చౌక అన్నది ముందుగా అర్థం కావాలి. రోడ్డు మీద బండి చక్రం తన బరువుతో పాటు సరుకు బరువునంతా మోస్తూ ఉరుకుతుంది. నీటిలో బరువును నీరే మోస్తుంది, ఇంజను చేయాల్సిందల్లా ముందుకు తోయడం. కేంద్ర జలమార్గాల సంస్థ చెప్పే లెక్క ప్రకారం ఒక లీటరు ఇంధనంతో ఒక టన్ను సరుకును రోడ్డు మీద 24 కిలోమీటర్లు, రైలులో 85 కిలోమీటర్లు, నీటి మీద 105 కిలోమీటర్లు తీసుకుపోవచ్చు. ఖర్చు చూసినా, టన్నును ఒక కిలోమీటరు చేర్చడానికి రోడ్డు మీద రెండు రూపాయలు దాటుతుంది, రైలుకు రూపాయిన్నర లోపు పడుతుంది, నీటి మీద రూపాయికి కాస్త ఎక్కువవుతుంది. ఈ లెక్కలన్నీ ఒక షరతు మీద నిలబడ్డాయి, పడవ నిండా సరుకుండాలి. యాభై మీటర్ల పొడుగు, ఎనిమిది మీటర్ల వెడల్పు ఉన్న బల్లపరుపు బార్జీని ఊహించుకోండి. అది నీటిలో పది సెంటీమీటర్లు దిగితే సుమారు 40 టన్నుల బరువు ఎక్కినట్టు. అంటే కాలువ అడుగున పది సెంటీమీటర్ల మేర బురద పేరుకుంటే, పోయిన ప్రతిసారీ 40 టన్నులు, దాదాపు రెండు లారీల సరుకు, గట్టు మీదే వదిలేయాలి. మూడు చోట్ల మీటరు పూడిక ఉంటే చాలు, మిగతా వంద కిలోమీటర్లు ఎంత లోతున్నా ప్రయోజనం లేదు. కాలువ విలువను నిర్ణయించేది దానిలోని అతి తక్కువ లోతే.

దేశంలో గత పదేళ్ల అనుభవం కూడా ఈ మాటనే చెబుతోంది. 2013-14లో జాతీయ జలమార్గాల మీద నడిచిన సరుకు సుమారు 1.8 కోట్ల టన్నులు. 2024-25కి అది 14.5 కోట్ల టన్నులు దాటింది. ఇది చిన్న విజయం కాదు. అయితే చట్టం ప్రకారం 111 జలమార్గాలు ఉండగా, ఆ ఏడాది నాటికి వాడకంలో ఉన్నవి 29. ఆ సరుకు ఎక్కడ నడుస్తోందో చూస్తే విషయం తేటపడుతుంది. మహారాష్ట్రలో అంబా నది జలమార్గం పొడుగు కేవలం 45 కిలోమీటర్లు. సముద్రపు పోటు నీరు లోపలికి వచ్చే ఆ పాయ మీదుగా డోల్వి ఉక్కు కర్మాగారానికి ముడిసరుకు బార్జీలలో చేరుతుంది. గోవాలో మాండవి, జువారి నదుల మీద ఇనుప ఖనిజం దశాబ్దాలుగా గని రేవుల నుంచి ఓడరేవుకు బార్జీలలోనే దిగింది. కేరళలో కొల్లం నుంచి కొట్టాపురం వరకు పొడుగైన మూడో జలమార్గం ఉంది. కానీ పరిశ్రమల సరుకుకు ఆసరా అయినవి కొచ్చిని ఎరువుల, రసాయనాల కర్మాగారాలకు కలిపే చంపక్కర, ఉద్యోగమండల్ అనే రెండు పొట్టి కాలువలు. వీటన్నిటిలోనూ దూరం తక్కువ, సముద్రపు పోటు అందుబాటులో ఉంది, ఒక చివర ఓడరేవు, ఇంకో చివర రోజూ సరుకు కావలసిన కర్మాగారం లేదా గని ఉన్నాయి. ఎక్కడ ఈ నాలుగూ కలిశాయో అక్కడ పడవ నడిచింది.

బకింగ్‌హాం కాలువ కూడా ఒక్కసారి పుట్టిన పెద్ద పథకం కాదు. 1806లో బాసిల్ కాక్రేన్ అనే వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరు వరకు ఒక చిన్న ఉప్పునీటి కాలువ తవ్వించాడు. 1837లో దాన్ని ప్రభుత్వం తీసుకుంది. పులికాట్ సరస్సు దాటి దుగరాజపట్నం వైపు, అక్కడి నుంచి నెల్లూరు తీరం వెంబడి ఉత్తరానికి, అవసరాన్ని బట్టి ముక్క ముక్కగా పొడిగించుకుంటూ పోయారు. చివరకు పెద్దగంజాం దగ్గర కొమ్మమూరు కాలువతో, దాని ద్వారా కృష్ణా డెల్టాతో కలిసింది. మనవాళ్లు ధాత కరువు అని పిలుచుకున్న 1876–78 కరువులో, కూలి గింజల కోసం వచ్చిన జనం చేత మద్రాసు నగరం లోపల కూవం, అడయారు నదుల మధ్య భాగాన్ని తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరే కాలువకు స్థిరపడింది. ఆకలితో పారపట్టిన చేతుల కష్టం ఈ గట్లలో ఉంది. దీన్ని పాడుబెట్టడం డబ్బు నష్టం ఒక్కటే కాదని నేను గట్టిగా నమ్మడానికి అదొక కారణం.

ఆ రోజుల్లో పడవ నడిచిన తీరు చూస్తే కాలువ స్వభావం తెలుస్తుంది. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు, లేకపోతే గెడ వేసేవారు, అదీ కుదరకపోతే ఇద్దరు ముగ్గురు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. దక్షిణానికి డెల్టా బియ్యం, నెల్లూరు తీరపు ఉప్పు, శ్రీహరికోట అడవుల కట్టెలు పోయేవి. చాలాకాలం మద్రాసు పొయ్యిల్లో మండిన కట్టె ఈ కాలువ మీదనే వెళ్లింది. పెన్న, స్వర్ణముఖి వంటి నదులు అడ్డం వచ్చినచోట లాకులు కట్టారు. లాకు అంటే రెండు జతల తలుపుల మధ్య ఉన్న రాతి తొట్టి. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూస్తారు, ముందు తలుపుల్లోని తూము ఎత్తుతారు. నీరు మెల్లగా ఎక్కుతుంది లేదా దిగుతుంది, రెండు పక్కలా మట్టం ఒకటయ్యాక తలుపులు తెరుస్తారు. నదికి వరద వస్తే కాలువలోకి రాకుండా ఆపేదీ, సముద్రం పాటుకు పోయినప్పుడు కాలువ ఎండిపోకుండా కాపాడేదీ ఆ తలుపులే. ఒక్క లాకు తలుపు విరిగి ఏడాది పాటు బాగుచేయకపోతే, ఆ ముక్కలో నీళ్లు నిలవవు, వరద వెంట వచ్చిన ఇసుక మాత్రం నిలుస్తుంది.

సరిగ్గా అదే జరిగింది. 1899లో మద్రాసు నుంచి బెజవాడకు రైలు మార్గం పూర్తయ్యాక తొందర సరుకు అటు మళ్లింది. ఆ తర్వాత లారీలు వచ్చాయి. అయినా కాలువ వెంటనే చచ్చిపోలేదు. రైలు వచ్చిన అరవై ఏళ్లకు, 1960-61లో కూడా దీని మీద 1,237 పడవలు సుమారు 2,16,000 టన్నుల సరుకు చేరవేశాయి. అంటే రోజుకు దాదాపు 600 టన్నులు, ఇప్పటి లెక్కలో ముప్పై లారీలు, అదీ తెరచాపలూ గెడలతో. మరి ఎక్కడ దెబ్బతింది? ఆ ఏడాది కాలువ మీద వచ్చిన రాబడి లక్షన్నర రూపాయల పైచిలుకైతే, నిర్వహణ ఖర్చు ఐదు లక్షలు దాటింది. పద్దులో ఎప్పుడూ నష్టమే కనిపిస్తే, పూడిక తీయించాల్సిన చేయి వెనక్కి పోవడం సహజం. 1965, 1966 తుపానులు గట్లనూ లాకులనూ దెబ్బతీశాక, వాటిని పూర్తిగా నిలబెట్టే పని జరగలేదు. కాబట్టి కాలం చెల్లిపోయి కాలువ పోయిందనడం సగం నిజమే. రోగం సంపాదనలో ఉంది, మరణం మాత్రం మరమ్మతు లేకపోవడం వల్ల వచ్చింది. పునరుద్ధరించాలనుకునేవాళ్లు ఈ రెండింటికీ ముందుగా జవాబు చెప్పుకోవాలి.

పొడుగు మీద మోజు ఎంత ప్రమాదమో చెప్పే పాఠం కూడా మన దగ్గరే ఉంది. భారతదేశానికి రైలు కన్నా నీటి దారే మేలని ఆర్థర్ కాటన్ జీవితమంతా వాదించాడు. గోదావరి డెల్టాలో ఆయన మాట నిజమైంది. ధవళేశ్వరం ఆనకట్ట కింది కాలువలు పొలాలు తడుపుతూనే పడవలనూ మోశాయి, ఎందుకంటే అక్కడ నీరు పుష్కలం, నేల చదును, ఊరూరా ధాన్యం. ఆ ఉత్సాహంతోనే తుంగభద్రను కర్నూలు, కడపల మీదుగా పెన్న వైపు తెచ్చి సముద్ర తీరం దాకా పడవ దారి కలపాలని మద్రాసు ఇరిగేషన్ కంపెనీ పెద్ద పథకం వేసింది. దారి కడప దాటలేదు. రాళ్ల నేలలో, లాకుల మీద లాకులతో, చాలినంత సరుకు లేని దారిలో కంపెనీ నష్టాల్లో కూరుకుపోయింది. 1882లో ఆ కాలువను ప్రభుత్వం కొనుక్కోవాల్సి వచ్చింది. కర్నూలు–కడప కాలువ తర్వాత సాగునీటి కాలువగా రైతుకు అక్కరకొచ్చింది, పడవ దారిగా మాత్రం నిలవలేదు. కాటన్ సిద్ధాంతం రెండుచోట్లా ఒక్కటే. సరుకూ నీరూ కలిసి ఉన్నచోట అది ఫలించింది, లేనిచోట కంపెనీ చితికిపోయింది.

ఈ కొలతతో చూస్తే నెల్లూరు తీరంలో మొదలుపెట్టాల్సిన చోటు కృష్ణపట్నం. అక్కడ కండలేరు పాయ సముద్రంలో కలుస్తుంది, పోటు నీరు లోపలికి వస్తుంది. 2008లో ప్రారంభమైన లోతైన ఓడరేవు ఉంది. దాని పక్కన నేలటూరులో శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం, చుట్టుపక్కల వంటనూనె శుద్ధి కర్మాగారాలు ఉన్నాయి. దక్షిణాన చిల్లకూరు, కోట మండలాల్లో గాజు పరిశ్రమకు కావలసిన సిలికా ఇసుక, ఉత్తరాన పెన్న కింద వరి, ఇంకా పైన ఇస్కపల్లి ఉప్పు. థర్మల్ కేంద్రాల్లో మిగిలే బూడిద సిమెంటు కర్మాగారాలకు ముడిసరుకు. పశ్చిమ బెంగాల్ నుంచి బంగ్లాదేశ్‌కు నదుల మీద పోయే సరుకుల్లో ఈ బూడిదదే పెద్ద వాటా. ఇవన్నీ బరువైనవి, టన్నుకు ధర తక్కువవి, ఒకరోజు ఆలస్యమైనా చెడిపోనివి. నీటి దారికి ఇంతకన్నా తగిన సరుకు ఉండదు. రొయ్యలను కాలువ మీద పంపమని ఎవరూ అడగరు, వాటికి చల్లని లారీ, వేగం కావాలి. కృష్ణపట్నం నుంచి దక్షిణంగా స్వర్ణముఖి వైపు ముప్పై కిలోమీటర్లు, ఉత్తరంగా పెన్న వైపు నలభై కిలోమీటర్లు బాగుచేస్తే ఈ సరుకులో మంచి భాగం అందుబాటులోకి వస్తుంది. తర్వాత రామాయపట్నం ఓడరేవుతో కలిపితే, వంద కిలోమీటర్ల లోపే రెండు ఓడరేవుల మధ్య ఒక లోపలి దారి ఏర్పడుతుంది.

పక్కనే సముద్రం ఉండగా కాలువ ఎందుకని, పక్కనే రైలు ఉండగా ఎందుకని అడిగేవారున్నారు. బలమైన ప్రశ్నే ఇది. కాకినాడ నుంచి చెన్నైకి వేల టన్నులు పంపేవారికి తీరపు ఓడే మేలు, వారిని కాలువ వైపు మళ్లించాలని చూడటం వృథా. వెయ్యి కిలోమీటర్ల ఏకదారి అన్న ఊహ మీద నాకు నమ్మకం లేనిదీ అందుకే. కానీ సముద్రపు ఓడకు పెద్ద రేవు కావాలి, తుపాను కాలంలో ఆగాలి. గూడ్సు రైలు నిండాలంటే మూడున్నర వేల టన్నుల సరుకు కూడాలి, పట్టాలున్న చోటే ఆగాలి. మూడు వందల టన్నులను ముప్పై కిలోమీటర్లు చేర్చాల్సినవాడికి ఈ రెండూ పనికిరావు, ఇప్పుడతను పన్నెండు, పదిహేను లారీలు మాట్లాడుకుంటున్నాడు. కాలువ పోటీ పడాల్సింది ఆ లారీలతోనే. వాటి బరువుకు గుంతలు పడే ముత్తుకూరు, చిల్లకూరు రోడ్ల మరమ్మతు ఖర్చునూ, ఊళ్ల మధ్య దుమ్మునూ, ప్రమాదాలనూ ఈ లెక్కలోకి తేవాలి. అయితే ఎక్కించడం, దించడం, మళ్లీ ఎక్కించడం అన్న చిక్కు నిజమే. తక్కువ దూరంలో ఈ కూలి ఖర్చే నీటి చౌకను మింగేస్తుంది. అందుకే సరుకు పుట్టేచోటు గానీ చేరేచోటు గానీ కాలువ గట్టునే ఉండాలి. రెండు చివర్లా లారీ అవసరమయ్యే సరుకుకు ఈ దారి చూపకపోవడమే నిజాయితీ.

పర్యావరణం మీద వచ్చే అభ్యంతరం నాకు అన్నిటికన్నా ముఖ్యం. కాలువ దక్షిణాన పులికాట్ సరస్సులోకి పోతుంది. దేశంలో ఉప్పునీటి సరస్సులలో ఇది రెండో పెద్దది, వేల మైళ్ల నుంచి వచ్చే పక్షులకు చలికాలపు ఆసరా. అక్కడ పెద్ద బార్జీల కోసం లోతు తవ్వడం సరికాదు, ఆ దారిని సరుకు పటంలోంచి తీసేయడమే మంచిది. చెన్నై లోపల మురుగు, ఆక్రమణలు, కాలువలోనే పాతిన నగర రైలు స్తంభాల వల్ల దారి ఎలాగూ ఇరుకైపోయింది. ఈ రెండూ తీసేస్తే మిగిలేది నేను చెబుతున్న నెల్లూరు ముక్కే. అక్కడ కూడా కాలువలో వల వేసుకునే యానాదులూ, మొగల దగ్గర వేటాడే పట్టపువాళ్లూ ఉన్నారు. బార్జీలు నడిచే వేళలు వాళ్లతో కూర్చుని నిర్ణయించాలి. తీసిన ఉప్పు బురదను పొలాల మీద గానీ మడ అడవుల మీద గానీ పోయకూడదు. సిలికా తవ్వకాలకు హద్దులు గట్టిగా ఉండాలి, చౌక దారి దొరికిందని అడ్డగోలు తవ్వకం పెరిగితే తీరానికి చేటు. అయితే పూడుకుపోయిన కాలువ ప్రకృతికి మేలు చేస్తుందనుకోవడం కూడా పొరపాటు. అందులో రొయ్యల చెరువుల వ్యర్థం నిలిచి కుళ్లుతుంది, వాన నీరు సముద్రానికి పోలేక ఊళ్లలోకి ఎగదన్నుతుంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఆంధ్ర తీరంలో ఈ కాలువ అలల నీటిని తనలోకి తీసుకుని లోపలి ఊళ్లను కాపాడిందని శాస్త్రవేత్తలు రాశారు. లోతున్న కాలువే ఆ పని చేయగలదు.

ఇక్కడే డబ్బు ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. 1960లలో కాలువను పడవల రాబడితో మాత్రమే తూచి నష్టమన్నారు. వరద నీరు తీసినందుకు, తుపాను అలను ఆపినందుకు, ఉప్పుటేరు చేపను బతికించినందుకు పద్దులో ఒక్క పైసా రాయలేదు. రోడ్డు మీద వచ్చే టోలుతోనే ప్రతి ఊరి రోడ్డునూ బాగుచేయమని మనం అడగం. అదే న్యాయం కాలువకూ వర్తించాలి. పూడిక ఖర్చులో మురుగునీటి పారుదలకు, విపత్తుల నివారణకు చెందే వాటాను ఆ శాఖలే భరించాలి, మిగిలింది మాత్రమే పడవల మీద పడాలి. నీటి దారి ఎక్కువ వాడే దేశాలకూ లోతు బెంగ తప్పలేదు. 2018లో, 2022లో ఐరోపాలో రైన్ నదిలో నీరు తగ్గి బార్జీలు సగం బరువుతో నడిచాయి, ఒడ్డున ఉన్న కర్మాగారాలకు ముడిసరుకు అందక ఇబ్బంది వచ్చింది. మన కాలువకు ఒక సౌలభ్యం ఉంది, దాని నీరు వాన మీద కాక సముద్రం మీద ఆధారపడింది. మొగ తెరిచి ఉంచి, లాకులు బాగుంచి, పూడిక తీస్తే ఎండాకాలంలోనూ నీటికి కొదవ ఉండదు. 2024 డిసెంబరులో కేంద్రం తెచ్చిన జలవాహక్ పథకం నీటి దారిలో సరుకు పంపేవారికి నిర్వహణ ఖర్చులో 35 శాతం వరకు తిరిగి ఇస్తుంది. కానీ అది గంగ, బ్రహ్మపుత్ర, బరాక్ మార్గాలకే, అదీ 300 కిలోమీటర్లు దాటిన దూరాలకే. ఆ ప్రోత్సాహం పొట్టి దారులకూ, తీరపు కాలువలకూ రావాలని మన ప్రజాప్రతినిధులు అడగాల్సిన సమయం ఇది.

2017 అక్టోబరులో విజయవాడ–ముక్త్యాల మధ్య కృష్ణ మీద నాలుగో జలమార్గం తొలి దశకు శంకుస్థాపన చేసినది అప్పటి ఉపరాష్ట్రపతి, నెల్లూరు జిల్లాలో పుట్టిన వెంకయ్య నాయుడే. ఆయన సొంత తీరంలోని కాలువ వంతు ఇంకా రాలేదు. వచ్చినప్పుడు మరో శిలాఫలకం కోసం తొందరపడకుండా, కృష్ణపట్నానికి రెండు వైపులా ప్రతి వంతెన స్తంభానికీ ఒక కొలబద్ద గీయించాలని నా కోరిక. గంగా మార్గంలో ఎక్కడెక్కడ కనీసం ఎంత లోతుందో జలమార్గాల సంస్థ క్రమం తప్పకుండా ప్రకటిస్తుంది. అలాగే పదిహేను రోజులకొకసారి ఇక్కడి అతి తక్కువ లోతును కొలిచి అందరికీ తెలియజేయాలి. పాటు వేళలో కూడా ఆ అంకె రెండేళ్ల పాటు, ఒక తుపాను కాలాన్నీ ఒక వరదనూ తట్టుకుని, దిగజారకుండా నిలిస్తే బార్జీ కొనడానికి వ్యాపారి తనంతట తానే ముందుకొస్తాడు, బ్యాంకు అప్పిస్తుంది. నిలవకపోతే, వందల కోట్లు పోయకముందే ఆ సంగతి మనకు తెలుస్తుంది. కాక్రేన్ కాలువ ఎన్నూరు దాకా సరుకు మోసి చూపించాకే పెద్దగంజాం దాకా పెరిగింది. ఆ వరసలోనే మళ్లీ మొదలుపెడితే, సముద్రం వైపు పోయే రోడ్ల మీది ఆ వంతెనల కింద నుంచి మన పిల్లలు సరుకు పడవ పోవడం చూస్తారు.